నీళ్ళు కాగేలోగా

మా ఇంట్లో ప్రజాస్వామ్యం గీజరు దగ్గర ఆగిపోతుంది. టీవీ రిమోటు, పొద్దుటి కూర, వేసవి ప్రయాణం, చివరికి ఓటు ఎవరికన్నదీ, అన్నిటి మీదా ఎవరి వాదన వాళ్ళు వినిపించి, అలిగి, తగ్గి, ఏదో ఒక ఒప్పందానికి వస్తాం. డిసెంబరు నెలలో మొదటి స్నానం ఎవరిదన్న దగ్గర మాత్రం ఏ ఒప్పందమూ నిలవదు. ముందు దూరినవాడిదే బాత్రూము. వెనకబడ్డవాళ్ళు తువ్వాలు భుజాన వేసుకుని, గోడ మీద వెలుగుతున్న ఎర్రలైటు ఎప్పుడారుతుందా అని నిలబడాల్సిందే.

అలాంటి ఇంట్లో పాత గీజరు అడుగున తుప్పు పట్టి, గోడంతా చెమ్మెక్కించి, కార్తీకమాసం మధ్యలో కన్నుమూసింది. కొత్తది కొందామని కొట్టుకెళ్తే, కౌంటరు దగ్గర కుర్రాడు ఏ కంపెనీ అని అడగలేదు. ఎంతలో కావాలనీ అడగలేదు. "ఇన్‌స్టంటా మేడమ్, స్టోరేజా?" అన్నాడు. ఇంట్లో అడిగి చెబుతానన్నాను. అదే తగువుకి నాంది.

మావారిది స్టోరేజి పార్టీ. ట్యాంకు నిండా వేణ్ణీళ్ళు ఉన్నాయంటే ఆయనకి బ్యాంకులో డబ్బున్నంత ధైర్యం. మా అబ్బాయిది ఇన్‌స్టంటు పార్టీ. "కావలసినప్పుడు కాచుకుంటే పోయేదానికి పీపాడు నీళ్ళు కాచి నిలవ పెట్టుకోవడమేంటి నాన్నా? అమెరికాలో ట్యాంక్‌లెస్‌కి మారిపోతున్నారు" అంటాడు. మా అత్తగారు రెండు పార్టీల్నీ తోసిపుచ్చారు. "రాగి కాగులో పుల్లల మంట మీద కాగిన నీళ్ళ ముందు ఇవన్నీ ఎందుకమ్మాయీ" అని ఆవిడ తీర్పు. మేముండేది కూకట్‌పల్లిలో మూడో అంతస్తు ఫ్లాటు. పుల్లలు దొరికినా పెరడు దొరకదు.

నేను బళ్ళో సైన్సు చెప్పినదాన్ని. ఎవరి పక్షమూ తీసుకోకుండా కొట్టువాడిచ్చిన కాగితం వెనక లెక్క వేయడం మొదలుపెట్టాను.

లీటరు నీళ్ళు ఒక్క డిగ్రీ వేడెక్కాలంటే ఒక కిలో కేలరీ కావాలి. కరెంటు లెక్కలో 1.16 వాట్ అవర్లు. చలికాలంలో కుళాయి నీళ్ళు 20 డిగ్రీలు ఉన్నాయనుకుందాం. ఒంటికి హాయిగా ఉండే నీళ్ళు 40 డిగ్రీలు. 20 లీటర్ల బకెట్టుని 20 డిగ్రీలు పెంచాలి. అంతా కలిపితే 465 వాట్ అవర్లు. అర యూనిట్‌కి కాస్త తక్కువ. ఈ లెక్కలో ఎక్కడా గీజరు పేరు రాలేదని గమనించండి. ట్యాంకులో కాచినా, తీగచుట్టలోంచి పారించి కాచినా, అత్తగారి కాగులో కాచినా ఆ బకెట్టు నీళ్ళు పుచ్చుకునే వేడి అంతే. దాన్లో బేరం లేదు.

బేరమంతా కాలంతోనే. 2 కిలోవాట్ల స్టోరేజి గీజరు అంత వేడిని 14 నిమిషాల్లో ఇస్తుంది. మామూలుగా మన బాత్రూముల్లో బిగించే 3 కిలోవాట్ల ఇన్‌స్టంటు 9 నిమిషాల్లో ఇస్తుంది. తేడా ఏమిటంటే, మొదటిది ఆ 14 నిమిషాలూ మనం మంచం మీద ఉండగా గడుపుతుంది. రెండోది ఆ 9 నిమిషాలూ మనల్ని బట్టలిప్పించి బకెట్టు పక్కన నిలబెట్టి గడుపుతుంది. నిమిషానికి రెండు లీటర్ల పైచిలుకు సన్నటి ధార. చలికి ఆగలేక కుళాయి పూర్తిగా తిప్పామా, లోపలున్న మూడు లీటర్ల వేణ్ణీళ్ళూ గబగబా వచ్చేసి, ఆ తర్వాత వచ్చేవి నులివెచ్చగా కూడా ఉండవు. 

కొంచెం ఆగి ఆలోచిస్తే ఇందులో ఒక పెద్ద సంగతి ఉంది. నీళ్ళు కాగడానికి ఎదురుచూడక తప్పదు. ఏ యంత్రమూ ఆ ఎదురుచూపుని రద్దు చేయలేదు, ఇటునుంచి అటు జరపగలదంతే. స్నానానికి ముందుకి జరిపితే స్టోరేజి. స్నానంలోకి జరిపితే ఇన్‌స్టంటు. బాగా తగ్గించాలంటే ఒకటే దారి, మంట పెంచడం. అంటే లావుపాటి తీగ.

ఆ తీగ కథ ఎలక్ట్రీషియన్ చెప్పాడు. 2 కిలోవాట్ల గీజరు 9 ఆంపియర్ల లోపు లాగుతుంది. 3 కిలోవాట్లది 13. అక్కడిదాకా గదుల్లో ఉండే పెద్ద సాకెట్టు, 16 ఆంపియర్లది, తట్టుకుంటుంది. 4.5 కిలోవాట్ల ఇన్‌స్టంటు పెడితే దాదాపు 20 ఆంపియర్లు. "దానికి మీటరు దగ్గర్నుంచి విడిగా వైరు లాగాల మేడమ్. లేకుంటే పొద్దున్నే మీ గీజరూ ఇస్త్రీపెట్టె కలిసి ఎంసీబీని కొట్టేస్తయ్" అన్నాడు. అప్పుడు అందరూ చీకట్లో ఎదురుచూస్తారు.

మా అబ్బాయి అమెరికా సాక్ష్యం తెచ్చాడు కాబట్టి, డాలస్‌లో ఉన్న మా చెల్లెలికి ఫోను చేశాను. వాళ్ళింట్లో ట్యాంక్‌లెస్సే. గ్యాసుతో నడుస్తుంది, గ్యారేజీ గోడకి సూట్‌కేసంత పెట్టె. "బ్రహ్మాండంగా ఉందక్కా, ముగ్గురం మూడు బాత్రూముల్లో ఒకేసారి స్నానాలు చేసినా నీళ్ళు చల్లారవు" అంది. పెట్టె మీద ఏం రాసుందో చదవమన్నాను. గంటకి 1,99,000 బీటీయూలు. మన కొలతల్లోకి మారిస్తే 58 కిలోవాట్లు. మా కొట్టు కుర్రాడు చూపించిన ఇన్‌స్టంటు గీజర్లు పందొమ్మిదింటిని ఒకే గోడకి బిగిస్తే వచ్చేంత మంట అది. అక్కడ కరెంటుతో నడిచే ఇంటిల్లిపాది ట్యాంక్‌లెస్సులు కూడా 27, 36 కిలోవాట్లుంటాయి. 27 కిలోవాట్లంటే 240 వోల్టుల దగ్గర 112 ఆంపియర్లు. మా అపార్టుమెంటులో ఒక ఫ్లాటు అంత లాగితే మిగతా ఫ్లాట్లవాళ్ళు కర్రలు పట్టుకుని వస్తారు. కనక మా అబ్బాయి చెప్పే ట్యాంక్‌లెస్సూ, మా కొట్లో అమ్మే ఇన్‌స్టంటూ పేరుకి జ్ఞాతులే కాని, ఒకదాని గుణం ఇంకోదానికి అంటగట్టలేం.

అమెరికాలో ట్యాంకుని తిట్టిపోయడానికి ఇంకో కారణముంది. అక్కడ ఇంటి ట్యాంకంటే 40, 50 గ్యాలన్లు, అంటే 150 నుంచి 190 లీటర్లు. దానికి స్విచ్చి ఆపే అలవాటు లేదు. పగలూ రాత్రీ, ఇంట్లో మనుషులున్నా లేకపోయినా, చల్లారినప్పుడల్లా తనంతట తను కాచుకుంటూనే ఉంటుంది. ఎవరూ వాడని వేడి ట్యాంకు గోడల్లోంచి రోజంతా గాలిలో కలిసిపోతుంది. ట్యాంక్‌లెస్సులో ఆ నష్టం లేదు. రోజుకి 41 గ్యాలన్లు, అంతకి తక్కువ వేణ్ణీళ్ళు వాడే ఇళ్ళలో ట్యాంక్‌లెస్సు 24 నుంచి 34 శాతం దాకా పొదుపుగా ఉంటుందని ఆ దేశపు ఇంధన శాఖ చెబుతుంది. 86 గ్యాలన్ల దాకా వాడే ఇళ్ళలో ఆ పొదుపు 8 నుంచి 14 శాతానికి పడిపోతుంది. వాడకం పెరిగేకొద్దీ ట్యాంకు ఊరికే కూర్చునే సమయం తగ్గుతుంది కదా మరి.

మన ఇళ్ళలో ఆ వాదం దాదాపు చెల్లదు. కారణం బాత్రూము తలుపు పక్కనుండే ఎర్రలైటు స్విచ్చి. తెలుగింటి గీజరు నిరంతరం కాగదు. ఎవరో ఒకరు లేచి, స్విచ్చి వేసి, పళ్ళు తోముకుని, పాలు పొయ్యి మీద పెట్టి వచ్చేసరికి నీళ్ళు సిద్ధమవుతాయి. స్నానాలయ్యాక ఇంకెవరో ఆపుతారు. ఆపడం మరిచిపోయిన రోజు ఇల్లంతా మారుమోగుతుంది. "గీజరు ఎవరు ఆపలేదూ?" అన్న కేకే మన ఇంధన పొదుపు శాఖ. గీజరు మీద అంటించే నక్షత్రాలు కూడా ఈ నిలవ నష్టాన్ని కొలిచి ఇచ్చేవే. 24 గంటలు వాడకుండా ఉంచితే ఎంత వేడి కారిపోతుందన్నది లెక్క. రోజంతా స్విచ్చి వేసి ఉంచే ఇంటికి అయిదు నక్షత్రాలు చాలా అవసరం. స్నానం ముందర వేసి, అవగానే ఆపేసే ఇంటికి నక్షత్రాల కంటే కేకలే ఎక్కువ ఆదా చేస్తాయి.

కరెంటు బిల్లు సంగతీ అంతే. మా నలుగురికీ తలా ఒక బకెట్టంటే రోజుకి రెండు యూనిట్లకి కొంచెం తక్కువ, నెలకి 56 యూనిట్లు. ఏ గీజరు కొన్నా ఇందులో పెద్ద మార్పు రాదు. రెండో బకెట్టు పట్టుకుంటే మాత్రం తప్పకుండా వస్తుంది. తెలంగాణలో గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాకా బిల్లు లేని ఇళ్ళకి చలికాలంలో ఈ 56 యూనిట్లు ఆ గీత దాటించేస్తాయేమోనన్న బెంగ న్యాయమైనదే. ఆ బెంగ తీరేది గీజరు మార్చడంవల్ల కాదు, బకెట్లు లెక్కపెట్టడంవల్ల.

ఈ లెక్క విని నేను స్టోరేజి పక్షానికి వాలాననుకుని మా అబ్బాయి ముఖం చిన్నబుచ్చుకున్నాడు. పాతకాలపు సరుకు కొనిపిస్తున్నావన్నాడు. ఈ విషయంలో చరిత్ర వాడి పక్షాన లేదు. ఈ రెండు యంత్రాల్లో ముందొచ్చింది ఇన్‌స్టంటే. 1868లో లండన్‌లో బెంజమిన్ వాడీ మాన్ అనే ఆయన గ్యాసు మంట మీదుగా నీళ్ళు పారించి నేరుగా స్నానాల తొట్టిలోకి వేడిగా పోసే యంత్రం తయారుచేశాడు. దానికి ఐస్‌లాండ్‌లో ఎగజిమ్మే వేడినీటి బుగ్గ పేరు మీదుగా గీజర్ అని పేరుపెట్టాడు. ఇరవయ్యేళ్ళ తర్వాత, 1889లో, అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో నార్వే నుంచి వచ్చిన ఎడ్విన్ రూడ్ అనే ఇంజినీరు తనంతట తను కాగి ఆగే ట్యాంకు హీటరు కనిపెట్టాడు. అంటే మావాడు ఆధునికం అనుకుంటున్నదే అన్న, మావారిది తమ్ముడు. మాన్ గారి యంత్రానికి పొగ బయటికి పోయే గొట్టం లేదు. దాన్ని పెట్టుకున్నవాళ్ళు ప్రాణాల మీదికి తెచ్చుకునేవాళ్ళు. ఆ ప్రమాదం ఇప్పటికీ పోలేదు. మన ఊళ్ళలోనూ కిటికీ లేని బాత్రూములో గ్యాసు గీజరు బిగించి, తలుపు వేసుకుని, రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడుకి బలైపోయినవాళ్ళ వార్తలు చలికాలంలో చదువుతూనే ఉన్నాం. గ్యాసు గీజరు పెట్టేవాళ్ళు దాన్ని బాత్రూము బయట, గాలాడే చోటే పెట్టాలి. ఈ ఒక్క విషయంలో ఇంట్లో చర్చకి తావు లేదు.

మా అత్తగారి కాగు కూడా స్టోరేజే కదా అని మావారు గెలుపు ప్రకటించుకోబోయారు. నిజమే. కాకపోతే ఆ కాగు గురించి నాకు వేరే జ్ఞాపకముంది. కృష్ణా జిల్లాలో మా అమ్మమ్మగారింట పెరట్లో, బావి పక్కన, మూడు రాళ్ళ మీద పెద్ద రాగి కాగు ఉండేది. మసి సులువుగా వదలడానికి బయటంతా మట్టి పూసేవారు. కింద తాటి మట్టలు, కొబ్బరి డొక్కలు, ఎండిన కంది కట్టె. ఇల్లు లేవకముందే అమ్మమ్మ లేచి మంట పెట్టేది. తాతయ్య వేపపుల్లతో పళ్ళు తోముకుని పెరట్లోకి వచ్చేసరికి గంగాళంలో నీళ్ళు సమంగా కలిపి, పీట వేసి, చెంబు పెట్టి ఉండేవి. తర్వాత మామయ్యలు, తర్వాత పిల్లలు. కాగులో తగ్గినప్పుడల్లా బావిలోంచి తోడి పోసేది, మంట ఎగదోసేది. అందరివీ అయ్యాక అడుగున మిగిలిన నీళ్ళు ఆవిడవి. అప్పటికి మంట కూడా ఆరిపోయేది.

అమ్మమ్మకి ఆ కాగు స్టోరేజి. తాతయ్యకి మాత్రం అది అచ్చమైన ఇన్‌స్టంటు. ఆయన జీవితంలో ఎన్నడూ నీళ్ళు కాగడం కోసం ఎదురుచూడలేదు. అలా అని ఎదురుచూపు లేకుండాపోయిందా? ఆ ఎదురుచూపంతా పొగలో కళ్ళు నులుముకుంటూ అమ్మమ్మ చూసేది. ఒకరికి తక్షణం దొరికిందంటే దాని వెనక ఇంకొకరు పెందలాడే లేచారన్నమాట. కాగు నీళ్ళ రుచి తలుచుకునే మగవాళ్ళని చాలామందిని చూశాను. కాగు కింద మంట పెట్టడం ఎంత హాయో చెప్పిన ఆడదాన్ని ఇంతవరకూ చూడలేదు. మా అత్తగారు కూడా, గట్టిగా అడిగితే, కాగు నీళ్ళు పోసుకున్నది పుట్టింట్లోనే. అత్తింటికి వచ్చాక కాచింది.

అయితే అమ్మమ్మ చాకిరీని తలుచుకుని నిలవ పద్ధతినే తీసిపారేయలేను. బాలింతకి వావిలాకు వేసి కాచిన నీళ్ళు, నరకచతుర్దశి తెల్లవారుజామున నలుగు పెట్టి ఇంటిల్లిపాదికీ పోసే తలంటు, భోగినాడు పిల్లల స్నానాలు, వీటిని నిమిషానికి రెండు లీటర్ల ధార మీద నడిపించడం ఎవరి తరం? కుంకుడు రసం కళ్ళల్లోకి పోయి పిల్లాడు గొల్లుమంటున్నప్పుడు చేతిలో చెంబు నిండా గోరువెచ్చటి నీళ్ళు అప్పటికప్పుడు ఉండాలి. ఆ క్షణం కోసమే ముందుగా కాచి ఉంచేది.

పైగా నిలవలో ఒక కిటుకుంది. వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు తోడు అని మనవాళ్ళు సంసారపు ఆదాయాల గురించి చెప్పారు కాని, అది గీజరుకి అక్షరాలా వర్తిస్తుంది. 15 లీటర్ల ట్యాంకులో నీళ్ళు 60 డిగ్రీలకి కాగాయనుకోండి. వాటికి 20 డిగ్రీల చన్నీళ్ళు 15 లీటర్లు కలిపితే 40 డిగ్రీల నీళ్ళు 30 లీటర్లవుతాయి. 25 లీటర్ల ట్యాంకైతే 50 లీటర్లు, రెండున్నర బకెట్లు. మొదటి ఇద్దరి స్నానమయ్యేలోపు అది మళ్ళీ కాగుతూనే ఉంటుంది. కనక నలుగురికి 25 లీటర్లేం సరిపోతాయని కంగారుపడి పెద్ద ట్యాంకు కొనాల్సిన పనిలేదు. స్నానానికీ స్నానానికీ మధ్య కాస్త ఎడం పాటిస్తే చాలు. అన్నట్టు ఆ ట్యాంకులో వేణ్ణీళ్ళు వాటంతటవి కిందికి రావు. అడుగునుంచి చన్నీళ్ళు వచ్చి తోస్తేనే పైనుంచి వేణ్ణీళ్ళు బయటపడతాయి. మిద్దె మీది ట్యాంకు ఖాళీ అయిందంటే, గీజరు నిండా వేణ్ణీళ్ళున్నా మన బకెట్టులో చుక్క పడదు. తోడు లేకపోతే వేణ్ణీళ్ళు కూడా అడుగు కదపలేవు.

తెలుగింట్లో ఊరగాయా ఉంటుంది, రోటిపచ్చడీ ఉంటుంది. ఏడాదికి సరిపడా ఆవకాయ ఒక్కసారి కలిపి జాడీకి ఎత్తిన ఇల్లే, మధ్యాహ్నానికి దోసకాయ కాల్చి రోట్లో వేస్తుంది. రెంటిలో ఏది గొప్పదని ఎవరూ పందెం వేసుకోరు. ఆవకాయ రేపటివాళ్ళ కోసం, చెప్పాపెట్టకుండా వచ్చే చుట్టాల కోసం. రోటిపచ్చడి ఈ పూటకి, ఈ కంచానికి. గీజర్లు కూడా అంతేనని నాకు మెల్లగా తోచింది. పైగా ఆవకాయకి ఉన్న బాధ్యతలన్నీ ట్యాంకుకీ ఉన్నాయి. నూనె తేలకపోతే జాడీకి బూజు పడుతుంది. నిలవున్న నీళ్ళనీ అలాగే కనిపెట్టుకుని ఉండాలి. 1976లో ఫిలడెల్ఫియాలో ఒక హోటల్లో మాజీ సైనికుల సమావేశానికి వచ్చినవాళ్ళు అంతుపట్టని న్యుమోనియాతో పాతికమందికి పైగా చనిపోయారు. దానికి కారణమైన సూక్ష్మజీవికి వాళ్ళ సంఘం పేరు మీదుగానే లీజియోనెల్లా అని పేరొచ్చింది. అది అప్పుడు పెరిగింది ఏసీ యంత్రాల నీళ్ళలో. కాని గోరువెచ్చటి నిలవ నీళ్ళు ఎక్కడున్నా దానికి ఇష్టమే. 60 డిగ్రీల వేడిలో బతకలేదు. అందుకని ఆదా పేరు చెప్పి ట్యాంకుని రోజుల తరబడి నులివెచ్చగా ఉంచడం మంచిది కాదు. బాగా కాగనిచ్చి, చన్నీళ్ళు కలుపుకోవడమే పద్ధతి.

హైదరాబాదులో బోరు నీళ్ళ ఇళ్ళకి ఇంకో బాధ్యత ఉంది. ఉప్పునీళ్ళు కాగినప్పుడల్లా సున్నం విడిపోయి హీటరు చుట్ట మీద పొరగా పేరుకుంటుంది. చుట్టకీ నీళ్ళకీ మధ్య ఆ పొర అడ్డుపడి, చుట్ట మాడిపోతుంది. ట్యాంకు లోపల మెగ్నీషియం కడ్డీ ఒకటి వేలాడుతుంటుంది. ట్యాంకు ఇనుముని తినాల్సిన తుప్పు ముందు దాన్ని తింటుంది. అది అరిగిపోయాక తుప్పు ట్యాంకు మీద పడుతుంది. మా పాత గీజరు అలాగే పోయిందని, విప్పి చూసిన మెకానిక్కు చారెడు తెల్ల పెళ్ళలు తీసి చేతిలో పెట్టి చెప్పాడు. అప్పుడప్పుడు విప్పించి కడిగించి, కడ్డీ మార్పిస్తే ట్యాంకు చాలాకాలం వస్తుంది. ఇన్‌స్టంటుకి పెద్ద ట్యాంకు పోతుందన్న బాధ లేదు కాని, సున్నం దాన్నీ వదలదు.

ఏ ఊళ్ళో ఉన్నామన్నది కూడా చూడాలి. విజయవాడలో చలికాలంలో కుళాయి నీళ్ళు 25 డిగ్రీలుంటే 15 డిగ్రీలు పెంచితే చాలు. 3 కిలోవాట్ల ఇన్‌స్టంటు బకెట్టుని 7 నిమిషాల్లో నింపుతుంది. అదే ఆదిలాబాదులోనో, లంబసింగిలోనో నీళ్ళు 15 డిగ్రీలకి దిగాయంటే బకెట్టు నిండటానికి 12 నిమిషాలు కావాలి. ఆ చలిలో అంతసేపు తడి గచ్చు మీద నిలబడగలిగినవాడు చన్నీళ్ళే పోసుకోగలడు. సముద్రానికి దగ్గరయ్యేకొద్దీ ఇన్‌స్టంటు బలం పెరుగుతుంది, అడవికీ గట్లకీ దగ్గరయ్యేకొద్దీ స్టోరేజి బలం పెరుగుతుంది. ఇక మే నెలలో అందరి లెక్కా తలకిందులే. మిద్దె మీది ట్యాంకు నీళ్ళు మధ్యాహ్నానికి సలసలమంటుంటే, స్విచ్చి వేయని గీజరులో రాత్రినుంచీ ఉన్న నీళ్ళే ఇంట్లోకెల్లా చల్లనివి. ఎండాకాలంలో వేణ్ణీళ్ళ కుళాయి తిప్పి చన్నీళ్ళు పట్టుకునే తెలివి ఎన్నో ఇళ్ళలో ఉంది. ఈ సుఖం మాత్రం ఇన్‌స్టంటువాళ్ళకి లేదు.

ఇంత లెక్కా చెప్పి స్టోరేజికి పట్టం కట్టేస్తానని మావారు ఆశపడ్డారు. కట్టలేదు. ఎందుకంటే మా అబ్బాయి చేసేది అమెరికా వేళల ఉద్యోగం. ఒకరోజు అర్ధరాత్రి దాటాక లేస్తాడు, ఒకరోజు తెల్లవారుజామున పడుకునే ముందు స్నానం చేస్తాడు. ఎప్పుడొస్తాడో వాడికే తెలియదు. వాడి కోసం ముందుగా స్విచ్చి వేసి ఉంచేవాళ్ళెవరు? వేస్తే నేనే వేయాలి. అంటే మా అమ్మమ్మ కాగు మళ్ళీ నా చేతికొస్తుంది. వేళ తెలియని మనిషికి, ఒంటరిగా ఉండే మనిషికి, హాస్టలు గదిలో పిల్లకి ఇన్‌స్టంటే న్యాయం. వాళ్ళ ఎదురుచూపు వాళ్ళే చూసుకుంటారు. అందులో స్వార్థమేమీ లేదు. ఇంకొకరి నిద్ర చెడగొట్టకపోవడం కూడా ఒక మర్యాదే. వంటింట్లో జిడ్డు గిన్నెలకీ అదే నయం. తడవకి రెండు మూడు లీటర్లు కావాలి, వెంటనే కావాలి, దానికి 15 లీటర్లు కాచడం దండగ.

చివరికి కొన్నదేమిటంటే, అందరం వాడే బాత్రూముకి 25 లీటర్ల స్టోరేజి, మా అబ్బాయి గది బాత్రూముకి 3 లీటర్ల ఇన్‌స్టంటు. మావారూ మా అబ్బాయీ ఎవరికి వారు తామే గెలిచామనుకున్నారు. సూర్యుడి వేడితో కాగే సోలార్ గొట్టాలు పెట్టిస్తే రెంటికీ పనే ఉండదని నాకూ ఉంది, కాని అపార్టుమెంటు మిద్దె అందరిదీ కావడంతో ఆ తీర్మానం సంఘం సమావేశంలో ఇంకా నలుగుతోంది. అత్తగారు మాత్రం కొత్త ట్యాంకుని తట్టి చూసి, "మంట కనబడదు, పొగ రాదు, ఇంతకీ పొద్దున్నే దీన్ని రాజేసేదెవరు?" అని అడిగారు.

ఇంతమంది ఇన్ని రోజులు వాదించుకున్నా ఎవరమూ అడగని ప్రశ్న అది. కొట్టు కుర్రాడు ఇన్‌స్టంటా స్టోరేజా అన్నాడు, ఎలక్ట్రీషియన్ ఆంపియర్లు చెప్పాడు, మా చెల్లెలు బీటీయూలు చదివింది. స్విచ్చి ఎవరు వేస్తారన్నది ఆవిడొక్కతే అడిగింది. కాచినావిడ కనక అడిగింది. మావారు కాసేపు పేపరు వెనక దాక్కుని, "వారం మొత్తం నువ్వే ఎలాగూ ముందు లేస్తున్నావు కదా" అని సణిగారు. ఆ వాదం నేను ఒప్పుకోలేదు. ముందు లేచేవాళ్ళు కాక, ముందు స్నానం చేసేవాళ్ళు వేయాలని తీర్మానమైంది. తాతయ్య కాలంలో ఈ నియమం ఉండి ఉంటే మొదటి స్నానం కోసం ఇంత పోటీ ఉండేది కాదు. మా ఇంట్లో ఇప్పుడు లేదు. "మీరు కానివ్వండి" అంటే "మీరే ముందు" అని ఒకరికొకరు ఎక్కడలేని మర్యాదలూ చేసుకుంటున్నారు.